రెండో గ్రూప్‌తో రాగ్నరోస్ దాకా: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

మేం ఆడే ఆన్‌లైన్ ఆటలో మా గిల్డ్‌కి (ఆటగాళ్ల సంఘానికి) రెండు రెయిడ్ గ్రూపులున్నాయి. రెయిడ్ అంటే పెద్ద గుంపుగా వెళ్లి బాస్‌లని చంపడం. ఆట బాగా వచ్చినవాళ్లు మొదటి గ్రూప్. మిగిలినవాళ్లంతా రెండో గ్రూప్: కొత్తగా 60వ లెవల్‌కి (ఇదే చివరి లెవల్) వచ్చినవాళ్లు, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ఆట తెరిచినవాళ్లు, ప్రతి స్పెల్‌నీ మౌస్‌తో వెతికి నొక్కేవాళ్లు, చాట్ అసలు చదవనివాళ్లు. ఈ రెండో గ్రూప్ నా చేతికి వచ్చింది.

ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్. రెయిడ్ మోల్టెన్ కోర్. 40 మందితో వెళ్లాలి, 10 మంది బాస్‌లు, వారానికోసారి రీసెట్ (బాస్‌లన్నీ తిరిగి లేస్తాయి). మావాళ్లు బారన్ గెడన్ దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఎవరినీ తీసేయకుండా, మొదటి గ్రూప్ నుంచి మనుషుల్ని అరువు తెచ్చుకోకుండా చివరి బాస్ రాగ్నరోస్‌ని పడగొట్టడమే ఈ ప్రాజెక్టు.

మోల్టెన్ కోర్ సులువని అందరూ అంటారు. 2019 ఆగస్టు చివర్లో క్లాసిక్ సర్వర్లు తెరిచాక వారం తిరగకుండానే ఒక గిల్డ్ రాగ్నరోస్‌ని చంపేసింది. వాళ్లలో కొందరు 60వ లెవల్‌కి కూడా చేరలేదు. కాబట్టి గేర్ (ఆయుధాలు, కవచాలు) సరిపోక ఆగిపోయామనే మాట ఇక్కడ నిలబడదు. ఆ ఫైట్లలో ఎప్పుడు ఏం జరుగుతుందో వాళ్లకి ముందే తెలుసు, మావాళ్లకి తెలియదు. ఆ తేడాని ఎంతవరకు పూడ్చవచ్చో చూడాలని ఉంది.

మొదటి గ్రూప్ ఆఫీసర్ ఒకడు సలహా ఇచ్చాడు: "డ్యామేజ్ మీటర్ తెరిచి కింద ఉన్న పది మందిని మార్చెయ్, అయిపోతుంది." ఎవరెంత దెబ్బ కొట్టారో లెక్క చూపించేదే ఆ మీటర్. అలా చేస్తే నిజంగానే అయిపోతుంది. కానీ ఆ కొత్త పది మంది ఎక్కడి నుంచి వస్తారో అతను చెప్పలేదు.

లాగ్ ఫైల్

వైప్ (అందరూ చచ్చిపోవడం) అయిన ప్రతిసారీ వాయిస్ చాట్‌లో ఒకటే గోల. హీలర్లు నిద్రపోయారని డీపీఎస్ (బాస్‌ని కొట్టే) వాళ్లు, డీపీఎస్ మంటల్లో నిలబడ్డారని హీలర్లు, ఎవరో ఆగ్రో (బాస్ దృష్టి) తమ మీదికి లాగేశారని ట్యాంక్ (ముందు నిలబడి దెబ్బలు తినేవాడు). ముగ్గురూ చూసింది ముగ్గురూ చెబుతున్నారు, ఎవరూ పూర్తిగా చూడలేదు. అందుకని ముందు నిజంగా ఏం జరిగిందో తెలుసుకునే పని పెట్టుకున్నాను.

ఆటలోనే ఒక సౌకర్యం ఉంది. స్లాష్ కాంబాట్‌లాగ్ అని కమాండ్ కొడితే ఆ క్షణం నుంచి జరిగేదంతా కంప్యూటర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి వెళ్తుంది. ఎవరు ఎవరిని కొట్టారు, ఏ స్పెల్‌తో, ఎంత, ఎవరు ఎవరికి హీల్ చేశారు, అందులో ఎంత వృథా అయింది, ఎవరు చచ్చారు: ప్రతిదానికీ ఒక లైన్. దీన్ని అప్‌లోడ్ చేస్తే అందమైన గ్రాఫులు గీసిచ్చే వెబ్‌సైట్లు ఉన్నాయి. వాటిని వాడలేదు. అక్కడ మనిషి పేరు పక్కనే ర్యాంకు, రంగు కనిపిస్తాయి. ఒక్కసారి ఆ రంగు చూశాక ఇక ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు.

పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. ప్రతి ప్రయత్నంలో బాస్ ఫైట్ మొదలైన లైన్ నుంచి ముగిసిన లైన్ దాకా తీసుకుంటుంది. ఆ మధ్యలో మొదట చనిపోయిన మనిషిని పట్టుకుని, అతని చివరి పది సెకన్లలో అతని మీద ఏం పడిందో రాస్తుంది. అంతే. రెండో చావు, మూడో చావు నాకక్కర్లేదు. వైప్‌లో చివరి ముప్పై చావులూ మొదటి రెండు మూడింటి పర్యవసానమే.

మొదటిసారి నడిపితే వచ్చిన జవాబు చూసి నవ్వొచ్చింది. అన్ని ఫైట్లలోనూ అందరికంటే ముందు చచ్చేది హంటర్లేనట! కారణం తర్వాత తట్టింది. ఆటలో పాత్రల రకాల్ని క్లాస్‌లంటారు: హంటర్, మేజ్, డ్రూయిడ్, ప్రీస్ట్, పాలాడిన్, వారియర్, రోగ్, వార్లాక్ వంటివి. హంటర్లకి చచ్చినట్టు నటించే ఫెయిన్ డెత్ అనే స్కిల్ ఉంది, ఆగ్రో వదిలించుకోవడానికి వాడతారు. లాగ్ ఫైల్ దాన్ని కూడా చావుగానే రాస్తుంది. చావుకి ముందు ఆ స్పెల్ కనిపిస్తే లెక్కలోంచి తీసేయమని ఒక షరతు చేర్చాక పట్టిక మనిషి చదివేలా మారింది.

పట్టిక చెప్పేది సూటిగా ఉంది. గెడన్ ఫైట్‌లో మొదటి చావులన్నీ ఇంచుమించు ఒకే కారణం వల్ల: లివింగ్ బాంబ్ (ఒకరి మీద పడి కాసేపటికి పేలేది). బాంబ్ పడినవాళ్లు కాదు, వాళ్ల పక్కన ఉన్నవాళ్లు. గోలలో మాత్రం ఆ మాట పెద్దగా వినిపించలేదు, అందరూ హీలర్ల మీదే పడ్డారు. ఈ పట్టికని గిల్డ్‌లో ఎక్కడా పెట్టలేదు. పేర్లున్న కాలమ్ నా దగ్గరే, కారణాలున్న కాలమ్ మాత్రం అందరికీ.

చిన్న బాస్‌లు, కుక్కలు

లూసిఫ్రాన్ అనే బాస్ గురించి రాయాల్సింది తక్కువ. అతను వేసే శాపాన్ని మేజ్‌లు, డ్రూయిడ్‌లు తీయాలి, మ్యాజిక్ డీబఫ్‌ని (హాని చేసే ప్రభావాన్ని) ప్రీస్ట్‌లు, పాలాడిన్‌లు తీయాలి. "అందరూ డిస్పెల్ చేయండి" అంటే ఎవరూ చేయరు. ఎనిమిది పార్టీలకి (ఐదుగురి బృందాలకి) ఎనిమిది పేర్లు రాసి, నీ పార్టీ వాళ్లని మాత్రమే చూసుకో అంటే చేశారు.

మాగ్మడార్ అనే బాస్ రెచ్చిపోయినప్పుడు హంటర్లు శాంతింపజేసే ట్రాంక్విలైజింగ్ షాట్ కొట్టాలి. అందరూ ఒకేసారి కొట్టేస్తే రెండోసారి రెచ్చిపోయేటప్పటికి ఒక్కరి దగ్గరా మిగలదు. వరస రాసిచ్చాం. సమస్య తీరిపోయింది.

కోర్ హౌండ్ గుంపులు మాత్రం బాగా విసిగించాయి. ఐదు కుక్కలుంటాయి. ఒకదాన్ని చంపి మిగతావి వదిలేస్తే, చచ్చింది కాసేపటికి లేస్తుంది. ఐదూ దాదాపు ఒకేసారి చావాలి. ఆట తెలిసిన డీపీఎస్‌కి ఇదే కష్టం, ఎందుకంటే తన టార్గెట్ త్వరగా చస్తే సంతోషించడం అలవాటైపోయింది. కొత్తవాళ్లకి ఆ అలవాటు లేదు. ఆగమంటే ఆగారు. "20 శాతం దగ్గర చేతులు తీసేయండి, నేను చెప్పాక అందరూ ఏరియా స్పెల్స్" అన్న ఒక్క వాక్యంతో పని జరిగింది. నేర్చుకున్నదాన్ని మానడం కంటే కొత్తగా నేర్చుకోవడమే తేలికని ఇక్కడ చూశాను.

ఆగ్రో

ఇది మామూలుగా కొత్త డీపీఎస్ మీద పడే మొదటి నింద: ట్యాంక్‌కి పట్టు దొరక్క ముందే కొట్టేస్తారు, బాస్ తిరుగుతాడు, పక్కవాళ్లతో సహా పోతారు.

క్లాసిక్‌లో లెక్క స్పష్టంగా ఉంటుంది. దగ్గర్నుంచి కొట్టేవాళ్ల థ్రెట్ (వాళ్ల మీద బాస్‌కి పెరిగే కోపం) ట్యాంక్ థ్రెట్‌లో 110 శాతం దాటితే బాస్ వాళ్ల మీదికి వస్తాడు. దూరం నుంచి కొట్టేవాళ్లకి ఆ హద్దు 130 శాతం. థ్రెట్ చూపించే యాడాన్ (ఆటకి చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకుంటే ఇది కళ్లముందే ఉంటుంది. కానీ పెట్టుకోమని చెప్పడం వేరు, ఫైట్ మధ్యలో దాన్ని చూడటం వేరు. స్పెల్ బటన్లే వెతుక్కుంటున్న మనిషికి ఇంకో గ్రాఫ్ చూపించి ఏం లాభం?

చూడాల్సిన అవసరమే తగ్గించాలనుకున్నాం. పాలాడిన్‌ల బ్లెస్సింగ్ ఆఫ్ సాల్వేషన్ థ్రెట్‌ని 30 శాతం తగ్గిస్తుంది. మామూలుగా బలం పెంచే బ్లెస్సింగ్ కావాలని అందరూ అడుగుతారు. మా గ్రూప్‌లో డీపీఎస్‌కి మొదట సాల్వేషన్, తర్వాతే మిగతావి. ఇందులో ఒక మెలిక ఉంది. గ్రేటర్ బ్లెస్సింగ్ ఒక క్లాస్ మొత్తానికి పడుతుంది. వారియర్లకి వేస్తే వారియరే అయిన మా ట్యాంక్‌కీ పడుతుంది, అతని థ్రెట్ కూడా తగ్గి అసలుకే మోసం వస్తుంది. అందుకని ఆ బఫ్ తన మీద పడగానే తీసేసే మాక్రో ఒకటి ట్యాంక్‌కి రాసిచ్చాం.

దీంతో పాటు ఒక మాట కూడా: బాస్ మీద ట్యాంక్ వేసే ఐదు సండర్ ఆర్మర్‌లు (కవచం తగ్గించే దెబ్బలు) కనిపించేదాకా చేతులు కట్టుకోండి. ఎన్ని సెకన్లో లెక్కపెట్టమంటే ఒకరికి ఐదు, ఇంకొకరికి మూడు అవుతుంది. బాస్ పోర్ట్రెయిట్ కింద 5 అనే అంకె కనిపించడం మాత్రం అందరికీ ఒకటే.

మానా అయిపోయే హీలర్లు

రెండు నిమిషాలు తిరగకుండా "మానా లేదు" అని చాట్ నిండిపోయేది. మానా అంటే స్పెల్స్‌కి ఖర్చయ్యే శక్తి. ఇది నిజంగా నేర్పాల్సిన విషయం. ఆట దీన్ని ఎక్కడా చెప్పదు.

ఇప్పటి ఆటలకి అలవాటుపడ్డవాళ్లు స్పెల్‌బుక్‌లో ఉన్న పెద్ద ర్యాంకే (అదే స్పెల్‌కి బలమైన రూపమే) వాడతారు, అది సహజం. క్లాసిక్‌లో పాత ర్యాంకులు కూడా వాడుకోవచ్చు, వాడాలి కూడా. గేర్ నుంచి వచ్చే హీలింగ్ బోనస్ స్పెల్ వేయడానికి పట్టే సమయాన్ని బట్టి కలుస్తుంది. 20వ లెవల్‌లో గానీ ఆ తర్వాత గానీ నేర్చుకున్న ర్యాంక్ అయితే చిన్నదానికీ పెద్దదానికీ బోనస్ దాదాపు ఒకటే, మానా ఖర్చు మాత్రం సగం కూడా ఉండదు. దీన్నే డౌన్‌ర్యాంకింగ్ అంటారు. ఇంకోటి ఐదు సెకన్ల రూల్: మానా ఖర్చయిన స్పెల్ వేశాక ఐదు సెకన్ల దాకా స్పిరిట్ (మానా తిరిగి నింపే గుణం) వల్ల తిరిగి రావాల్సిన మానా రాదు. ఆపకుండా చిన్నచిన్న స్పెల్స్ వేస్తూనే ఉండే హీలర్‌కి ఆ మానా ఎప్పటికీ అందదు.

లాగ్‌లో ప్రతి హీల్ పక్కనా వృథా అయిన భాగం కూడా ఉంటుంది. స్క్రిప్ట్‌కి ఇంకో నాలుగు లైన్లు చేర్చి చూస్తే, ఒకే ట్యాంక్ మీద ఆరుగురు ఒకేసారి పెద్ద హీల్ వేస్తున్నారు. మొదటిది తగులుతుంది, మిగిలిన ఐదూ గాల్లో కలుస్తాయి. అవతల మూడో పార్టీలో రోగ్ చస్తున్నాడు, అతన్ని ఎవరూ చూడరు.

పంచాం. ప్రతి హీలర్‌కి ఒక్క పని: నువ్వు మెయిన్ ట్యాంక్, నువ్వు రెండో ట్యాంక్, నువ్వు ఐదో పార్టీ. నీది కాని బార్ ఖాళీ అవుతుంటే అవనీ, అది నీ పని కాదు. మాటల్లో కఠినంగానే ఉంటుంది. కానీ దీనివల్ల పెద్ద మార్పే వచ్చింది.

మా డ్రూయిడ్ ఒకావిడ ఉన్నారు, అందరూ అక్కా అనే పిలుస్తారు. హీలింగ్ యాడాన్ పెట్టమంటే, "బాబూ, యాడాన్లూ గీడాన్లూ నా వల్ల కావు. ఏ బటన్ నొక్కాలో చెప్పు, నొక్కుతాను" అన్నారు. హీలింగ్ టచ్ ర్యాంక్ 4 ఒక బటన్ మీద, పెద్దది ఇంకో బటన్ మీద పెట్టి, సగం కంటే కిందికి పోతేనే రెండోది అన్నాం. ఇప్పుడు ఫైట్ అయ్యేసరికి ఆవిడ దగ్గర మానా మిగులుతోంది. యాడాన్లు పోగేసుకుని స్క్రీన్ అంతా డబ్బాలతో నింపుకున్న ప్రీస్ట్ దగ్గర ఇంకా మిగలడం లేదు.

గెడన్, మళ్లీ గెడన్

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే. గెడన్ గుంపులో ఎవరో ఒకరి మీద లివింగ్ బాంబ్ వేస్తాడు. 8 సెకన్ల తర్వాత అది పేలుతుంది. ఆ లోపు ఆ మనిషి అందరికీ దూరంగా పరిగెత్తాలి. చెప్పడానికి ఇంతకంటే సులువైన సూచన ఇంకోటి ఉండదు. అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు గుంపు మధ్యలో నిలబడి పేలిపోతున్నారు.

"కళ్లు కనబడవా" అనే ప్రశ్న వాయిస్‌లో చాలాసార్లు వచ్చింది. దాన్ని నిజంగా ప్రశ్నగానే తీసుకుని, కొందరిని స్క్రీన్ షేర్ చేయమని అడిగాను. నిజంగానే కనబడదు. ఆట మామూలుగా ఇచ్చే స్క్రీన్‌లో డీబఫ్ ఐకాన్ పైన కుడి మూల, మ్యాప్ పక్కన, చిన్న గడిలా వస్తుంది. బటన్లు కింద ఉంటాయి. స్పెల్స్ మౌస్‌తో నొక్కే మనిషి కళ్లు ఎప్పుడూ కిందే. పైన కుడి మూలకి చూపు పోవాలంటే అతను ఆట ఆపాలి.

ఇంకా ఉంది. కెమెరా క్యారెక్టర్ వీపు వెనకే అతుక్కుని ఉంది. చుట్టూ ఎవరున్నారో తెలియకుండా దూరంగా పొమ్మంటే ఎటు పోతాడు? కొందరు కీబోర్డ్‌తోనే తిరుగుతారు, వెనక్కి వెళ్లే కీ నొక్కుతారు. క్యారెక్టర్ వెనక్కి నడిచే వేగం పరుగులో సుమారు మూడింట రెండు వంతులే. 8 సెకన్లలో సగం తిరగడానికే పోతుంది.

ఒక వింత కూడా గమనించాను: బాంబ్ పడగానే చాలామంది హీలర్ వైపు పరిగెత్తుతున్నారు. ప్రమాదం వస్తే హీలర్ కాపాడతాడని ఆటే ఇన్నాళ్లూ నేర్పింది మరి.

ఏం చేశాం అంటే, ముందు సెట్టింగులు. కెమెరా దూరం పూర్తిగా పెంచడం, కుడి మౌస్ బటన్ పట్టుకుని తిరగడం. ఈ రెండింటికీ ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నాం. గుంపులో చెబితే "తెలుసు తెలుసు" అంటారు. తర్వాత బాంబ్ పడగానే స్క్రీన్ మధ్యలో పెద్ద అక్షరాలతో "పరుగు" అని చూపించి, గట్టిగా శబ్దం చేసే వీకారా (యాడాన్‌లో తయారుచేసుకునే హెచ్చరిక) ఒకటి తయారుచేసి, దిగుమతి చేసుకునే కోడ్‌ని అందరికీ పంపాం. పెట్టుకోలేనివాళ్లకి పక్కన కూర్చున్నట్టుగా కాల్‌లో ఉండి పెట్టించాం.

తర్వాతది నాకు ఎక్కువ నచ్చిన మార్పు. "అందరికీ దూరంగా పో" అన్న సూచన తీసేశాం. దాని స్థానంలో "ఈ గోడ దగ్గరికి పో" అన్నాం. క్లాసిక్‌లో నేల మీద గుర్తులు పెట్టే వీలు లేదు. అందుకని మేం వచ్చిన దారి వైపున్న గోడని చూపించి, పుల్‌కి (ఫైట్ మొదలుపెట్టడానికి) ముందు అందరినీ ఒకసారి అక్కడికి నడిపించాం. దూరంగా పొమ్మంటే ఎటు, ఎంత, ఎవరికి దూరంగా అని మూడు నిర్ణయాలు. గోడ దగ్గరికి అంటే నిర్ణయం ఏమీ లేదు, కాళ్ల పనే.

చివరగా డ్రిల్. రెయిడ్ లేని సాయంత్రం ఊరి బయట ఖాళీ మైదానంలో గుంపుగా నిలబడటం, నేను రెయిడ్ వార్నింగ్‌లో ఎవరిదో ఒక పేరు కొట్టడం, ఆ మనిషి 8 అంకెలు లెక్కపెట్టేలోపు చెట్టు దగ్గరికి చేరడం. పిల్లలాటలా ఉందని కొందరు నవ్వారు. ఎక్కువసార్లు ఆడమన్నది కూడా వాళ్లే. ఒక మేజ్ బ్లింక్ కొట్టి నేరుగా గుంపు మధ్యలోకి వచ్చిపడ్డాడు. మొహం ఎటుంటే బ్లింక్ అటే తీసుకెళ్తుంది. ఆ పాఠం అక్కడే జరిగింది, గెడన్ దగ్గర జరగాల్సిన అవసరం రాలేదు.

ఈ వారం గెడన్ పోయాడు. బాంబులు పడ్డాయి, గోడ దగ్గర పేలాయి. ఇన్‌ఫెర్నో (చుట్టూ మంటలు చిమ్మే స్పెల్) వేసినప్పుడు మెలీ వాళ్లు (దగ్గర్నుంచి కొట్టేవాళ్లు) ఇద్దరు వెనక్కి రాలేదు, చచ్చారు. అది వచ్చే వారం చూసుకోవచ్చు.

మనుషుల గురించి

టెక్నికల్ విషయాలు పక్కన పెట్టి ఈసారి ఇది.

మా గ్రూప్‌లో మంచి రోగ్ ఒకడున్నాడు. ఈ వారం మొదటి గ్రూప్‌కి వెళ్లిపోయాడు. "అన్నా, వీళ్లని మోయడం నా వల్ల కాదు. నాకు వారానికి దొరికేది ఒక్క సాయంత్రం" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. అతని మాటలో తప్పేం లేదు. బాగా ఆడేవాళ్లు ఓపిక పట్టాలని చెప్పడం తేలిక, వాళ్ల సాయంత్రాలు మనవి కావు కదా. అతను వెళ్లడానికి మొదటి గ్రూప్‌తో నేనే మాట్లాడాను.

ఆట రానివాళ్లలో కూడా రకాలున్నాయి. తెలియనివాళ్లకి చెబితే సరిపోతుంది. చేతులు నెమ్మదిగా ఉన్నవాళ్లకి పని తగ్గించాలి. ఇవి రెండూ కలిపేసి "స్కిల్ లేదు" అనేస్తాం. మూడో రకం ఉంది: పుల్ అయ్యాక ఆటో అటాక్ పెట్టి ఇంకో స్క్రీన్‌లో వీడియో చూసేవాళ్లు. 40 మందిలో దాక్కోవడం తేలిక. 2007లో బర్నింగ్ క్రూసేడ్ వచ్చినప్పుడు పెద్ద రెయిడ్లని 25 మందికి కుదించేశారు. అలా ఎందుకు చేశారో ఈ గ్రూప్‌ని నడుపుతుంటే బాగా అర్థమవుతోంది. మూడో రకానికి మేం పెట్టిన నియమం: ప్రతి బాస్ ముందు చెప్పకుండా రెడీ చెక్ (సిద్ధమా అనే ప్రశ్న) వస్తుంది, జవాబివ్వనివాళ్లకి ఆ బాస్ లూట్‌లో (దొరికే వస్తువుల్లో) రోల్ (పాచిక వేసే అవకాశం) లేదు. సరిగ్గా ఆడనివాళ్లకి మాత్రం రోల్ ఉంది. ఈ తేడా మీద ఆఫీసర్ల చాట్‌లో పెద్ద గొడవే జరిగింది. నేను తగ్గలేదు.

మాట విషయంలో రెండు పద్ధతులు. సూచన ఫైట్ మధ్యలో పేరు పెట్టి చెప్పం, తర్వాత విస్పర్‌లో (ఒక్కరికే వెళ్లే మెసేజ్‌లో) చెబుతాం. ఒక మనిషికి వారానికి ఒక్క సూచనే. ఐదు చెబితే ఐదూ గాలికి పోతాయి. డ్యామేజ్ మీటర్ లెక్కల్ని రెయిడ్ చాట్‌లో పెట్టడం నిషేధం. అది చూసి ఎవరూ మెరుగుపడటం నాకు కనిపించలేదు. పైనున్నవాళ్లు ఇంకా పైకి పోదామని ఆగ్రో లాగుతారు, కిందున్నవాళ్లు మాట్లాడటం మానేస్తారు.

ఫైనల్ ఫాంటసీ 14లో కొత్త ఆటగాడి పేరు పక్కన చిన్న మొలక గుర్తు ఉంటుంది. దాన్ని చూడగానే మిగతావాళ్లు ఆగి, ఒక ముక్క చెప్పి ముందుకెళ్తారు. క్లాసిక్‌లో అలాంటిది లేదు. గిల్డ్ లిస్ట్‌లో పబ్లిక్ నోట్ అనే గడి ఖాళీగా పడి ఉంటే, "కొత్త" అని రాసుకోవచ్చని ప్రకటించాం. నేను రాయలేదు, ఇష్టమైనవాళ్లనే రాసుకోమన్నాను. ఊహించినదానికంటే ఎక్కువ మందే రాసుకున్నారు, ఎప్పట్నుంచో ఆడుతున్న ఒక వార్లాక్‌తో సహా.

మేజర్‌డోమో

రాగ్నరోస్‌ని పిలవాలంటే ముందు ఏడు రూన్లు (మంత్ర గుర్తులు) ఆర్పాలి, తర్వాత మేజర్‌డోమో అనే బాస్‌ని, అతని ఎనిమిది మంది అనుచరుల్ని ఎదుర్కోవాలి. మేజర్‌డోమోని చంపనక్కర్లేదు, అనుచరులు పోతే లొంగిపోతాడు.

ఇక్కడ ఒక ఇబ్బంది, గుంపుకి కాసేపు మ్యాజిక్‌ని తిప్పికొట్టే కవచం వస్తుంది, కాసేపు కొట్టినవాళ్లకే దెబ్బ తగిలే కవచం వస్తుంది. మొదటిది ఉన్నప్పుడు మేజ్‌లు, వార్లాక్‌లు ఆగాలి. రెండోది ఉన్నప్పుడు కత్తులవాళ్లు ఆగాలి. ఏది ఎవరికో గుర్తుపెట్టుకోమంటే గందరగోళం. వాయిస్‌లో రెండే మాటలు పెట్టుకున్నాం: "స్పెల్ ఆపు", "కత్తి ఆపు". చెప్పే గొంతు కూడా ఒకటే. మిగతా అందరూ మ్యూట్.

అనుచరుల్లో నలుగురు హీలర్లు. వాళ్లని మేజ్‌లు గొర్రెలుగా మార్చి పక్కన పెట్టాలి. తలల మీద గుర్తులు పెట్టి, చంద్రుడు నీది, చతురస్రం నీది అని ఒక్కో మేజ్‌కి ఒకటి ఇచ్చాం. ఏరియా స్పెల్స్ పూర్తిగా బంద్. ఎవరో ఒకరు వేశారు, రెండు గొర్రెలు లేచాయి, కాసేపు టెన్షన్. మేజ్‌లిద్దరూ ఎవరూ చెప్పకుండానే తమ గుర్తులున్న వాళ్లని మళ్లీ గొర్రెలు చేశారు. తన గుర్తు ఏదో తెలిసిన మనిషి దాన్నే చూస్తూ ఉంటాడు, అదే ఇక్కడ పనికొచ్చింది. మేజర్‌డోమో లొంగాడు. రాగ్నరోస్ దగ్గర ఒకసారి చూద్దామని వెళ్లి, అందరం లావాలో పడి తిరిగొచ్చాం.

రాగ్నరోస్

లావాలో పడటానికి కారణం లాగ్ చూడకుండానే తెలుసు. రాగ్నరోస్ దగ్గరున్నవాళ్లని విసిరికొడతాడు, దూరంగా ఉన్న మానా వాడేవాళ్ల మీద కూడా విసిరికొట్టే దెబ్బ వేస్తాడు. వెనక లావా ఉంటే అందులోకే పోతాం. వెనక రాయి ఉంటే రాయికి తగిలి ఆగుతాం. కాబట్టి ఫైట్ అంతా నిలబడే చోటులోనే ఉంది. మ్యాప్ మీద ఎనిమిది చుక్కలు గీసి, ఒక్కో పార్టీకి ఒక్కో చుక్క ఇచ్చి, పుల్‌కి ముందు అక్కడ నిలబెట్టి, వెనక్కి తిరిగి ఏం కనిపిస్తోందో చూడమన్నాం. లావా కనిపిస్తే రెండడుగులు పక్కకి.

స్క్రిప్ట్ ఇక్కడ ఒకటి పట్టిచ్చింది. ట్యాంక్ ఎగిరిపోయిన క్షణంలో రాగ్నరోస్ దగ్గర ఎవరూ లేకపోతే, దూరంగా ఉన్నవాళ్ల మీద మాగ్మా బ్లాస్ట్ వేస్తాడు. అది తగిలితే క్లాత్ గేర్ (పల్చని బట్ట కవచం) వాళ్లు అక్కడికక్కడే. మా మొదటి చావుల్లో ఎక్కువ భాగం అదే. రెండో ట్యాంక్ ఎప్పుడూ అతని దగ్గరే ఉండాలి, ఇద్దరూ ఒకేసారి ఎగిరిపోకుండా చూసుకోవాలి. ఈ పని చేసే వారియర్ చేతులు అంత చురుకైనవి కావు. అయినా ఒక్కటే పని కాబట్టి చేయగలిగాడు: పెద్ద దెబ్బకి ముందు టైమర్ చూసి బయటికి రావడం, పడ్డాక లోపలికి పోవడం. డీపీఎస్ నుంచి అతన్ని పూర్తిగా తప్పించాం.

మూడు నిమిషాలకి రాగ్నరోస్ లావాలోకి మునిగి ఎనిమిది మంది అగ్నిపుత్రుల్ని వదులుతాడు. బలమైన గ్రూపులు అంతకుముందే చంపేస్తాయి. మాకు అంత డ్యామేజ్ లేదు, దాని గురించి బాధపడటం మానేశాం. పుత్రులు దగ్గరికి వస్తే మానా పీల్చేస్తారు. వార్లాక్‌లు కొందరిని బానిష్ చేయడం (కాసేపు కదలకుండా చేయడం), మిగతావాళ్లని హీలర్లకి దూరంగా ట్యాంక్‌లు లాగి మెలీ వాళ్లు చంపడం. డౌన్‌ర్యాంకింగ్ విలువ ఇక్కడ బయటపడింది. రెండో సగానికి వచ్చేసరికి హీలర్ల దగ్గర ఇంకా మానా ఉంది.

ఈ రీసెట్‌లో రాగ్నరోస్ పడ్డాడు. పడే సమయానికి 40 మందిలో సగం కంటే కొంచెం ఎక్కువ మందే నిలబడి ఉన్నారు. చూడముచ్చటైన కిల్ కాదు. స్క్రీన్‌షాట్‌లో నేల మీద శవాలు చాలానే ఉన్నాయి. వాయిస్ మ్యూట్ తీశాక రెండు నిమిషాలు ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. లూట్‌లో వచ్చిన ఒక ముక్కని రోల్ గెలిచిన కొత్త హంటర్ తీసుకున్నాడు. దానికి మా మంచి డీపీఎస్‌లలో ఒకరు నొచ్చుకున్నారు. ఆ మాట ఆఫీసర్ల చాట్‌లో ఇంకా నడుస్తోంది.

మిగిలిన పనులు

గెడన్ ఇన్‌ఫెర్నోకి మెలీ వాళ్లు వెనక్కి రావడం ఇంకా కుదరలేదు. దానికి కూడా శబ్దం పెట్టాలా, లేక ట్యాంక్ గొంతుతో చెప్పించాలా అని చూస్తున్నాం.

వార్లాక్‌లు, రోగ్‌లు బాస్ మీద వేసే డీబఫ్‌ల పట్టిక రాయాలి. మా సర్వర్‌లో ఒక బాస్ మీద 16 డీబఫ్‌లే నిలుస్తాయి, మావాళ్లు పనికిరానివి వేసి పనికొచ్చేవి తోసేస్తున్నారు. ఇప్పటిదాకా పట్టించుకోకపోయినా నడిచింది.

వచ్చే వారం ఓనిక్సియా అనే డ్రాగన్ బాస్. ఆమె తోక దెబ్బకి వెనకున్నవాళ్లు ఎగిరి గుడ్లలో పడతారు, పిల్ల డ్రాగన్లన్నీ లేస్తాయి. ఎక్కడ నిలబడాలో మళ్లీ చుక్కలు గీయాలి. డ్రూయిడ్ అక్క రెండు బటన్లు చాలవేమో, మూడోది కావాలా అని అడిగారు. సరే అన్నాను, ఏ ర్యాంక్ పెట్టాలో లాగ్ చూసి చెబుతాను.